జెద్దాలో కరెంటు దొంగ

మా చిన్నతనంలో విమానమంటే తలెత్తి చూసేదే గాని ఎక్కేది కాదు. అలాంటిది నేను ఎదిగొచ్చేసరికి రాజోలు దగ్గర మా కాలవగట్టు మీద ఇంటికొకరు గల్ఫు వెళ్ళిపోయారు. ఫలానా వాళ్ళమ్మాయి మస్కట్లో ఉందనడం, పాలకొల్లులో ఉందన్నంత మామూలైపోయింది. వెళ్ళేవాళ్ళకి అందరూ చెప్పే మాట ఒకటే, ఎవర్నీ నమ్మకు అని. ఏజెంటుని నమ్మకు, విమానంలో పక్కవాళ్ళని నమ్మకు, అక్కడ మన భాష మాట్లాడేవాళ్ళని అసలే నమ్మకు. నేను జెద్దాకి వంటపనికి బయల్దేరేనాటికి మా అమ్మ లెక్కలో నమ్మదగ్గవి రెండే మిగిలాయి, దేవుడూ మా మిక్సీ. (పాస్టరు గారు నా తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తుంటే, మా అమ్మ ఆయన రెండో చెయ్యి పట్టుకుని మిక్సీ మీద పెట్టించింది.)

మన ప్లగ్గు గుండ్రటి కాళ్ళు అక్కడి గోడకన్నాల్లో పట్టవని ఎవరో చెబితే, రాజమండ్రిలో కరెంటు సామాన్ల కొట్టుకి వెళ్ళాం. కొట్టాయన అరచేతిలో పట్టేంత అడాప్టరు తీసి, దాని కాళ్ళు ముడిచి, విప్పి చూపించాడు. "ఇది పెట్టుకెళ్తే ఏ దేశం గోడకైనా పడుతుందండి" అన్నాడు. మా అమ్మ దాన్ని వాసన చూసి, "ఇన్ని కాళ్ళున్నది ఒక చోట నిలబడుతుందంటారా బాబూ" అని అడిగింది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు మీద కూడా మా అమ్మకి అనుమానమే, బస్సెక్కేదాకా చెబుతూనే ఉంది.

జెద్దాలో నేను చేరిన ఇంట్లో డ్రైవరు మన భీమవరం వైపాయనే. నాకంటే బాగా పెద్దాయన, బాబాయ్ అని పిలిచేదాన్ని. మేడమ్ అరబ్బీలో చెప్పింది నాకు తెలుగులో చెప్పేది ఆయనే. నేను వెళ్ళిన వారంలోనే వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాడు. "మేడమ్ ఎవరింట్లోనో మన గారెలు తిందంటమ్మా. శుక్రవారం వాళ్ళ అక్కచెల్లెళ్ళు వస్తున్నారు, చెయ్యమంటోంది. బాగుంటే ఉంటావు. బాగోపోతే ఎయిర్‌పోర్టులో దింపేది నేనే." ఆ చివరి మాట అంత తాపీగా ఎందుకన్నాడా అని నాకప్పుడే మనసులో ముల్లు పడింది. వెనక్కి పంపేస్తే నా గతేంటి. నాకు చేతులూపి సాగనంపిన వాళ్ళు ఇంకా బస్సు దిగి ఇళ్ళకి చేరారో లేదో, అప్పుడే నేను పెట్టెతో ఎదురెళ్ళాలా.

మర్నాడు పొద్దున్నే కొంచెం మినప్పప్పు నానబోసి, మధ్యాహ్నం అడాప్టరు తగిలించి మిక్సీ వేసి చూశాను. అది తిరగలేదు, మూలిగింది. జ్వరమొచ్చిన మనిషి పక్కమీద ఒత్తిగిల్లినట్టు బ్లేడు అటోసారి ఇటోసారి కదిలింది. మేడమ్ జ్యూసు మిషను మాత్రం పొద్దుటే అదే కన్నాల్లో గిర్రున తిరిగింది. (దాన్లో రుబ్బుదామంటే నీళ్ళు పొయ్యందే కదలదు, నీళ్ళు పోస్తే అది గారెల పిండి కాదు, జావ.) మన వైపు సాయంత్రం రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్లు వెయ్యగానే ఇళ్ళల్లో ఫ్యాన్లు నీరసపడతాయి కదండీ. మిక్సీ మూలిగిందంటే మేం ముందు గోడ మీంచి పక్కింట్లోకి చూస్తాం, మోటారు ఎవరేశారా అని. ఆ బుద్ధి నాతోపాటే విమానమెక్కి వచ్చింది. పొద్దున బాగుండే కరెంటు మధ్యాహ్నం ఎందుకు తగ్గుతోంది? ఆ వేళకి ఇంటికొచ్చేది ఎవరు? డ్రైవరు బాబాయ్.

అక్కణ్ణించి ఆయన మీద కన్నేశాను. భోజనాల వేళ గదిలో దూరి గడియ వేసుకుంటాడు. లోపల్నించి గుయ్యిమని సన్నటి మోత. మధ్యలో టక్కుమని చప్పుడు. తలుపు సందులోంచి అత్తరు వాసన గుప్పున కొడుతుంది. ఒంటరి మగాడికి గదిలో అంత అత్తరెందుకండీ? అడిగితే, "దోమలమ్మా" అన్నాడు. ఆ ఇంట్లో నేను ఒక్క దోమనీ చూడలేదు.

గురువారం మధ్యాహ్నానికి నా ఓపిక అయిపోయింది. మిక్సీ మళ్ళీ మూలిగింది. గరిటె చేత్తోనే పట్టుకుని వెళ్ళి తలుపు దబదబా బాదాను. ఆయన ఇంత సందు తీశాడో లేదో, లోపలికి దూరిపోయాను. మంచం పక్కన ఇటుకంత ఇనుప పెట్టె, దాని తీగ గోడకి, దాన్నుంచి ఇంకో తీగ రైస్ కుక్కరుకి. గోడకున్న తీగ పట్టి ఊడబీకాను.

"ఇదా బాబాయ్ మీ సంగతి. కరెంటంతా మీరే లాగేస్తుంటే నా మిక్సీ ఎలా తిరుగుద్దండీ?"

"ఒసే అమ్మాయ్, మెల్లగా. అది కన్వర్టరే."

"ఏదైతే నాకెందుకు. నా గారెలు చెడగొట్టి నన్ను పంపేద్దామనేగా."

ఆయన నెత్తి పట్టుకుని మంచం మీద కూలబడ్డాడు. "నిన్ను పంపేస్తే నాకేమొస్తుందే. ఇక్కడి గోడల్లో కరెంటు మనదాంట్లో సగమే. ఈ పెట్టె దాన్ని మన కుక్కరుకి సరిపడా పెంచుద్ది. నీ అడాప్టరు కాళ్ళు మారుస్తుంది గాని జోరు పెంచదు. మేడమ్ మిషను ఇక్కడిదే, కాబట్టి తిరుగుద్ది."

"మరి తలుపెందుకేసుకుంటున్నారు? ఆ అత్తరేంటి?"

ఆయన కుక్కరు మూత తీశాడు. వంకాయ, ఎండు రొయ్యలు. ఆ వాసన ముక్కుకి తగలగానే నా కోపం సగం చచ్చింది. గదుల్లో వండకూడదని మేడమ్ కట్టడి చేసిందట, అందులోనూ ఎండు రొయ్యలు. "నువ్వొచ్చి వంటింట్లోంచి తొంగి తొంగి చూస్తుంటే, మేడమ్ నిన్ను నామీద కాపలా పెట్టిందనుకున్నానే" అన్నాడు. వారం రోజులుగా నేనాయన్నీ, ఆయన నన్నూ దొంగల్లా చూసుకున్నామన్నమాట.

శుక్రవారం ఆ పెట్టె మోసుకొచ్చి వంటింట్లో పెట్టాడు. మిక్సీ తగిలించి నొక్కితే మా ఇంటి చప్పుడుతో రంకెలేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పిండి వెన్నలా వచ్చింది. మొదటి వాయి తీస్తుండగా మేడమ్ వచ్చింది. గారెలు చూడలేదు, పెట్టె చూసింది. వంగి వాసన చూసింది. అత్తరూ, దానికింద నుంచి రొయ్యలూ. ఇదెవరిదని అడుగుతోందని నాకు భాష రాకపోయినా అర్థమైంది. బాబాయ్ ముఖం తెల్లబోయింది. నేను గుండెమీద చెయ్యేసుకుని, నాదే అన్నట్టు తలూపాను. ఆయన అరబ్బీలో చాలాసేపు ఏదో చెప్పాడు. మేడమ్ నావైపు జాలిగా చూసి, నా భుజం తట్టి, గారెల పళ్ళెం పట్టుకెళ్ళిపోయింది. ఖాళీ పళ్ళెం వెనక్కొచ్చింది. నేను ఉండిపోయాను. ఏం చెప్పారని ఎన్నిసార్లడిగినా, "నీ మంచికేలేమ్మా" అనేవాడు. ఆ మాట మీద నాకిప్పటికీ అనుమానమే.

ఆయన మానేసి వెళ్ళేటప్పుడు ఆ పెట్టె నాకే ఇచ్చాడు, నేను వచ్చేస్తూ దాన్నీ మోసుకొచ్చాను. ఇక్కడ దానికి పనేముంది, బియ్యం డబ్బా కింద ఎత్తు పెట్టాను. మొన్న సాయంత్రం పక్కింటి అమ్మాయి వచ్చింది, మస్కట్ వెళుతోందట, ఏం పట్టుకెళ్ళాలని అడిగింది. ఈ కథంతా చెప్పి, "ముందు గోడలో వచ్చే కరెంటు ఎంతో కనుక్కో, మనుషుల్ని అనుమానించడం తర్వాత" అన్నాను పెద్దరికంగా. అంతలో పైన ఫ్యాను నీరసపడింది. నేను లేచి గోడ మీంచి వాళ్ళ పెరట్లోకి తొంగిచూశాను.

"అత్తా" అంది ఆ పిల్ల వెనకనించి, "మా మోటారు కాలిపోయి నెలైంది."