నెలల తరబడి వాయిదా వేసిన పని

ఆ మధ్యాహ్నం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను తిరువూరులో ఒక ప్రైవేటు అంబులెన్సు ఆఫీసులో పనిచేస్తాను. ఎవరైనా దిద్దగలిగే ఉచిత మ్యాపు ఇంటర్నెట్లో ఉంటుంది. దాన్ని దించుకుని, చిరునామా కొడితే డ్రైవరుకి చోటు చూపించే జాబితాని మా సిస్టమ్‌లో తయారుచేసింది నేనే. పెనుగొలనులో మేమూ అన్నయ్యావాళ్లూ ఉండే కొత్త కాలనీ ఆ మ్యాపులో లేదు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ వీధి వీధీ తిరిగి ఎక్కించాను. ఇక ఆ కొత్త మ్యాపుని మా జాబితాలోకి తెచ్చుకోవడమే మిగిలింది. మేనేజరేమో, "సిస్టమ్ ఆపాలి కదమ్మా, వచ్చే నెల చూద్దాం" అంటూ నెలలు గడిపేశాడు.

మొన్న వేసవిలో నేను భోజనం చేస్తుంటే అన్నయ్య ఫోన్ చేశాడు.

"మీ వదినకి నొప్పులొస్తున్నాయే. మీ ఆఫీసుకి చెప్పి నలభై నిమిషాలైంది, బండేదీ?"

డ్రైవరుకి ఫోన్ చేశాను.

"మ్యాపు చూపించిన చోటే ఉన్నానండి. ఇక్కడెవరూ లేరు, వాళ్ల ఫోను కలవట్లేదు."

కాలనీ పేరు దొరక్కపోతే మా సిస్టమ్ ఆ మాట చెప్పదు, ఊరి నడిబొడ్డు చూపించి ఊరుకుంటుంది. కాలనీ అక్కడికి రెండు కిలోమీటర్లు. నేను దారి చెప్పి పంపిన బండి చేరేసరికే వదిన పక్కింటివాళ్ల ఆటోలో ప్రసవించింది.

తల్లీబిడ్డా క్షేమమే.

"దేవుడి దయ, ఏం కాలేదుగా!" అన్నాడు మేనేజరు.

"దేవుడి మీదకి నెట్టకండి సార్" అని, ఆయన ముందే సిస్టమ్ ఆపి కొత్త మ్యాపు ఎక్కించాను.

నలభై నిమిషాల్లో అయిపోయింది. అన్నయ్య నాకు ఫోన్ చేసేసరికి మా వదిన బండి కోసం ఎదురుచూసింది కూడా అంతసేపే.