బియ్యం డబ్బాలో బ్యాడ్జీ

మా ఇంట్లోవాళ్ల లెక్కలో నేను అబద్ధమాడలేని పిల్లని. "చిన్నప్పటి సంది ఇది గంతే" అని అమ్మ చుట్టాలందరికీ చెబుతుంది. విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

నిన్న పక్కింటి సబేరా ఆంటీ తన ఎయిర్‌పోర్టు బ్యాడ్జీ తెచ్చి నా చేతిలో పెట్టింది. "రేపు రేషన్ కార్డు ఎంక్వైరీకి వస్తరంట బేటా, జర దాచు." నీలం తాడు, ఫినాయిల్ వాసన. నాకు మళ్లీ ఏడేళ్లొచ్చాయి.

మా బస్తీలో నాతో పెరిగిన మీకూ గుర్తుండే ఉంటుంది. మన అమ్మలు ఎయిర్‌పోర్టులో బాత్రూంలు కడిగేవాళ్లు. శంషాబాద్ మాత్రం దాన్ని "ఎయిర్‌పోర్టు నౌకరీ" అనేది. నౌకరీ ఉందంటే రేషన్ కార్డు ఇవ్వరు. అందుకే మా ఇంటి ఎంక్వైరీ రోజు అమ్మ బ్యాడ్జీని ఖాళీ బియ్యం డబ్బాలో దాచి, "అడిగితే కూలికి పోతదని చెప్పు" అంది. ఎంక్వైరీకొచ్చిన సారు అడిగాడు. నేను పరుగెత్తి బ్యాడ్జీ తీసి, మెడలో వేసుకుని చూపించాను. అది నిజాయితీ కాదు, గొప్ప. మా అమ్మ విమానాల దగ్గర పనిచేస్తుందని చెప్పుకోవాలనిపించింది.

"మంచిగనే ఉన్నరు గదా" అని సారు రాసుకుని వెళ్లాడు. కార్డు రాలేదు. ఆ ఏడాది మధ్యాహ్న భోజనం కోసం జ్వరంలో కూడా బడికి వెళ్లాను. బడి ఈడు రాని చెల్లి గేటు బయట గిన్నె పట్టుకుని నిలబడేది.

సబేరా ఆంటీకి ఇద్దరు చిన్నపిల్లలు.

"పక్కింటోళ్లని గూడ అడుగుతరు. నువ్వు లోపలనే ఉండు, అబద్ధం నీతోని కాదు" అంటోంది అమ్మ.

బ్యాడ్జీ నా పుస్తకాల సంచిలో ఉంది. సారు వస్తే నేనే తలుపు తీస్తాను. సబేరా ఆంటీ కూలికి పోతుందని చెబుతాను.