మనీప్లాంట్‌కి పోసిన కుడితి

రావులపాలెం బస్సులో నా ఒళ్లో, నర్సరీలో చూపిద్దామని పట్టుకెళ్తున్న మనీప్లాంట్ కుండీ ఉంది. ఆకులు పసుపెక్కి ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. పక్క సీటులో ఎవరో పెద్దావిడ. నన్ను అడక్కుండానే మట్టిలో వేలు పెట్టి వాసన చూశారు.

“కుడితి గోలెం కంపు కొడుతోందేంటండీ? ఏం పోస్తున్నారు?”

“బియ్యం కడిగిన నీళ్లండి. మొక్కలకి బలమన్నారని రెండు పూటలా పోస్తున్నాను.”

“బలమే. వారానికోసారి కాసిన్ని పోస్తే చాలు. ఇదేం గేదె కాదు కదండీ! ఇంట్లో ఎంతమందుంటారు?”

“నేనొక్కదాన్నేనండి.”

ఆవిడ ముద్దైన మట్టి వంకా, నా మొహం వంకా చూశారు.

“మరి ఇన్నేసి నీళ్లొచ్చేలా ఎవరికి కడుగుతున్నారండీ బియ్యం?”

ఆవిడ అడిగింది మొక్క గురించో, నా గురించో అర్థం కాలేదు. మా ఆయన పోయి ఏడాది దాటింది. పూటకి రెండు గ్లాసుల బియ్యం కొలవడం మాత్రం నేను మానలేదు. ఆ సంగతి బస్సులో, ఆ క్షణాన తెలిసింది నాకు.

నేను తేరుకునేలోపే ఆవిడ దిగిపోయారు.

మొక్క ఇప్పుడు కొత్త చిగుళ్లు వేస్తోంది. నేనే, మొదటి గ్లాసు బియ్యం గిన్నెలో పోశాక, డబ్బా మూత పెట్టాలో వద్దో తెలియక ఇంకా కాసేపు నిలబడిపోతున్నాను.