అంకె కింద ముక్క

మా సైన్సు మాస్టారు పోయిన కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు. నేను పాఠాలు చెప్పే మాచర్ల బడి ముందు నుంచే మా ఊరు రెంటచింతల బస్సు వెళుతుంది. ఆ పొద్దున మా ఊరికి తిరిగి వెళ్ళే బస్సును గేటు దగ్గర ఆపించి దిగి వచ్చాడు. అతనూ ఆయన దగ్గర చదువుకున్నవాడే. "అక్కా, మాస్టారు పోయారు. రాత్రి మజ్జిగన్నం తిని పడుకున్నారంట, పొద్దున లేవలా" అన్నాడు. ఆపైన నా చేతిలో గొడుగు తీసుకుని, బస్సెక్కే దాకా నాకు పట్టాడు.

బయట ముసురు. ఏళ్ళ తరబడి ఎండను కొలిచిన మనిషి వానలో వెళ్ళిపోయారేమిటా అనుకుంటూ కిటికీ పక్కన కూర్చున్నాను. నిండుగా బతికి, మంచాన పడకుండా పోయినవాళ్ళ కోసం ఏడవకూడదని మా అమ్మ అంటుంది. బస్సులో అమ్మ మాట నిలబెట్టాను.

మా ఊరి సంగతి తెలియని చదువరులకు ఒక మాట చెప్పాలి. రెంటచింతలలో వేసవి అంటే మూడు నెలల పాటు పిలవకుండా వచ్చి కదలని చుట్టం. పన్నెండు దాటితే కుక్క కూడా వీధిలోకి రాదు. అయినా మా వాళ్ళకి ఆ ఎండంటే గొప్ప. గుంటూరు నుంచి వచ్చిన బంధువు "అబ్బ, ఏం ఎండండీ" అంటే, మా నాన్న తానే స్వయంగా కాయించినట్టు మీసం దువ్వేవాడు. మాచర్ల వాళ్ళు తమ ఊళ్ళోనే ఎక్కువంటే మాత్రం ఒప్పుకునేవాళ్ళు కాదు. ఈ తగవులోకి దిగారు మా మాస్టారు.

ఆయనది నకరికల్లు వైపు పల్లె. మా హైస్కూలుకి పెళ్ళి కాకముందు వచ్చారు, మళ్ళీ వెళ్ళలేదు. పొట్టి మనిషి, నల్ల గొడుగు, ఎప్పుడూ సుద్ద అంటుకుని ఉండే పంచె అంచు. బడి ఉత్తరపు గోడకి, నీడలో, ఒక థర్మామీటరు తగిలించారు. రోజూ మధ్యాహ్నం బెల్లు కొట్టాక, సెలవుల్లో అయితే ఆ వేళకే వచ్చి, దాన్ని చూసి, రోడ్డు వైపు వసారాలో ఉన్న నల్లబల్ల మీద ఆ రోజు ఎండ ఎంతో రాయించేవారు. పొలం నుంచి వచ్చేవాళ్ళు, బస్సు దిగేవాళ్ళు, చర్చికి వెళ్ళేవాళ్ళు ఆగి చూసుకునేవాళ్ళు. నూట పన్నెండు అని ఉంటే మా ఊరు ఆ సాయంత్రమంతా తృప్తిగా ఉండేది.

"కొలవకుండా ఎంతో అనొద్దు" అనేది ఆయన మాట. క్లాసులో ఎవరైనా "చానా బరువు మాస్టారూ" అంటే, "చానా అంటే ఎన్ని శేర్లు?" అని అడిగేవారు. ఇంట్లోనూ అంతేనని వాళ్ళావిడ, మేమంతా పిన్నిగారు అనేవాళ్ళం, నవ్వుతూ చెప్పేవారు. కూరలో ఉప్పు ఎక్కువైందనడానికి కూడా చెంచా చూపించమనేవారట. ఇంకో మాట ఉండేది: "తెలీదని రాసినోడికి అర మార్కు నేనేస్తా, తెలిసినట్టు రాసినోడికి వెయ్యను." ఆ అర మార్కు నాకు చాలాసార్లు వచ్చింది.

నల్లబల్ల మీద అంకె రాసే పని నాది. నా దస్తూరి బాగుంటుందని ఆయనే పెట్టారు. కొన్నాళ్ళు ఒట్టి అంకే రాశాను. ఒకరోజు ఊరికే ఉండలేక, దాని కింద చిన్న అక్షరాలతో "కాకులు నోళ్ళు తెరిచాయి, మనం మూసుకుని ఇంట్లో కూర్చోవడం మేలు" అని రాశాను. మాస్టారు చూస్తే తుడిపించేస్తారనుకున్నాను. ఆయన చదివి, నా వైపు ఓసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఆ మౌనాన్ని నేను అనుమతి కింద తీసుకున్నాను. ఆ తర్వాత రోజుకో ముక్క.

నేను పదో తరగతిలో ఉండగా దేశమంతా కొలతలు మారాయి. బడికి సెంటీగ్రేడు కొలతతో కొత్త థర్మామీటరు వచ్చింది. ముందు రోజు నూట పదమూడు ఉన్న బల్ల మీద మర్నాడు నలభై అయిదు అని రాయించారు మాస్టారు. సాయంత్రానికి బడి ముందు చిన్న పంచాయితీ. మా వీధి పెద్దాయన ఒకరు కర్ర ఆనించి నిలబడి, "ఏంది మాస్టారూ, మా ఎండ సగం ఎవురు దోచుకుపోయారు?" అని నిలదీశారు. మాచర్ల వాళ్ళకి ఏం మొహం చూపించాలని ఇంకొకరి బాధ. మాస్టారు నీళ్ళు గడ్డకట్టే దగ్గర నుంచి మొదలుపెట్టి మరిగే దాకా శ్రద్ధగా వివరించారు. ఆయన ఎంత చెబితే వాళ్ళకి అంత అనుమానం పెరిగింది. నేను నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, అంకె కింద రాశాను: "శేరు పోయి కిలో వచ్చినా బియ్యం అవే. అంకె మారింది, ఎండ మారలేదు. మాచర్ల వాళ్ళకీ ఇదే కొలత." పెద్దాయన దాన్ని పక్కవాడి చేత చదివించుకుని, "అట్టా చెప్పు మరి" అని కర్ర తీసుకుని వెళ్ళిపోయారు. మాస్టారు సుద్ద చేతులు పంచెకి తుడుచుకుంటూ అక్కడే చాలాసేపు నిలబడ్డారు.

అసలు సంగతి ఇక్కడి నుంచి. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల లేడీ డాక్టరు లేదు. మా చిన్నత్త మొదటి కాన్పుకి ఎద్దుల బండిలో పడ్డ బాధ చూశాక, నన్ను డాక్టరమ్మని చెయ్యాలని మా నాన్న పట్టుపట్టాడు. ఎకరాలు ఉన్నా వానను నమ్ముకున్న మెట్ట సేద్యం మాది, నాన్నకి చదువు లేదు, పట్టుదల మాత్రం ఉంది. మాస్టారిని అడిగితే, నన్ను చిన్నప్పటి నుంచి చూస్తున్న అభిమానం కొద్దీ, "ఎందుకు కాదు, అవుతుంది" అనేశారు. ఆయనకీ ఒక కోరిక ఉండేది. ఆయన చేతి కింద చదివి కాలేజీలో సైన్సు గ్రూపుకి వెళ్ళిన ఆడపిల్ల అప్పటికి ఒక్కతీ లేదు. ఆ మొదటి పిల్ల నేనేనని ఆయన అనుకున్నారు. నాన్న ఆ మాటను చర్చిలో, సంతలో, బస్సులో అందరికీ చెప్పుకున్నాడు. ఫాదర్ గారు కూడా నన్ను చూస్తే "ఏం డాక్టరమ్మా" అని పలకరించేవారు. నన్నెవరూ అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు.

ఎస్.ఎస్.ఎల్.సి. సైన్సు పరీక్షలో మనిషి ఒంట్లో వేడి బయటికి ఎలా పోతుందో రాయమన్నారు. చుట్టూ ఉన్న గాలి చల్లగా ఉంటుంది కనక ఒంట్లో వేడి గాలిలోకి పోతుందని పుస్తకంలో ఉంది. నేను, వేసవిలో గాలి మనకన్నా వేడిగా ఉంటుంది, అంచేత గాలే ఒంటికి వేడి ఇస్తుంది, చెమట ఒక్కటే మనల్ని కాపాడుతుంది, అందుకే కుండ నీళ్ళు, మజ్జిగ, తడిగుడ్డ అంటూ పేజీన్నర రాసి వచ్చాను. మాస్టారికి చెబితే ముందు పగలబడి నవ్వారు. "నిజమే రాశావే పిల్లా. దిద్దే ఆయన ఏ చల్లటి ఊరోడో ఏమో" అన్నారు. ఆ తర్వాత, మిగతా ప్రశ్నలకి ఏం రాశావని ఒక్కొక్కటే అడిగారు. అడుగుతున్నకొద్దీ నవ్వు తగ్గింది.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. పాసయ్యాను. తెలుగులో, సోషల్‌లో మార్కులు బడి మొత్తానికి ఎక్కువ. సైన్సులో మాత్రం గట్టెక్కానంతే. ఒక్క ప్రశ్న పోతే వచ్చే మార్కులు కావవి. మా ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగింది గానీ ఎవరికీ అన్నం దిగలేదు. నాన్న ఓడిపోవడం తెలియని మనిషి. ఫాదర్ గారి చేత గుంటూరు కాలేజీకి ఒక మాట చెప్పిస్తే సైన్సు సీటు ఇస్తారని, అక్కడ కష్టపడి చదివితే అదే వస్తుందని తేల్చేశాడు. అది జరిగే పనే. ఫాదర్ గారు సరేనన్నారు కూడా. నేను సైన్సు గ్రూపులో కొయ్యాల్సిన కప్పను తల్చుకుని రెండు రోజులు నిద్రపోలేదు. వద్దంటే నాన్న తల ఎక్కడ పెట్టుకుంటాడు? సరేనంటే నా తల ఎక్కడ పెట్టుకోవాలి?

మాస్టారు మా ఇంటికి మిట్టమధ్యాహ్నం వచ్చారు. ఆ వేళకి ఎవరూ బయటికి రారు గనక, వచ్చారంటేనే అది చిన్న పని కాదని అమ్మకి తెలిసిపోయింది. మంచం వాల్చి మజ్జిగ ఇచ్చింది. ఆయన గ్లాసు పక్కన పెట్టి, ఈ అమ్మాయిని సైన్సులో వెయ్యొద్దని చెప్పడానికి వచ్చానన్నారు.

నాన్న తల వంచుకుని భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. "మీరే గదండీ డాక్టరమ్మ అవుద్దన్నది. ఊరంతా చెప్పుకున్నా" అన్నాడు.

"అన్నానయ్యా. కొలవకుండా అన్నా. తప్పు నాది" అన్నారు మాస్టారు.

ఆయన నోటి నుంచి ఆ మాట వింటానని నేను ఎప్పుడూ అనుకోలేదు. నాన్న కూడా తల ఎత్తి చూశాడు.

"తక్కువొచ్చినయ్యని వదిలేస్తామా? ఇంకొంచెం చదివితే రావా?" అని నాన్న మెత్తబడకుండానే అడిగాడు.

"వస్తయ్యి. ఈడ్చుకుంటూ వస్తయ్యి. రోజూ నేను అంకె రాయిస్తన్నా. మనూరోళ్ళు దాన్ని ఒకసారి చూసి, కింద దీని ముక్క చదువుకుని పోతన్నారు. ఆ రోజు పెద్దాయనకి నేను గంట సేపు చెప్పినా ఎక్కలా. ఇది మూడు ముక్కల్లో చెప్పింది. అదీ ఒక కొలతే గదయ్యా."

తర్వాత నా వైపు తిరిగి, "నీకేం కావాలే?" అని అడిగారు. ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే. చరిత్ర, తెలుగు అని నేను గోడకి చెప్పాను, నాన్న వైపు చూసే ధైర్యం లేక. నాన్న లేచి ఎద్దులకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడు. అవి అప్పటికే తాగి ఉన్నాయి. తిరిగి వచ్చి, "సరే మాస్టారూ. డాక్టరమ్మని ఇంకో ఇంట్లో వెతుక్కోండి" అన్నాడు. మాస్టారు అప్పుడు మజ్జిగ తాగారు.

ఆయన వెళుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఎండలో నల్ల గొడుగు మెల్లగా బడి వైపు కదిలింది. నా బరువు దిగిపోయింది. అయితే ఆ బరువులో కొంత ఆయన తీసుకుపోతున్నారని ఆ వయసులోనే నాకు అర్థమైంది. ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసిన ఆ మొదటి పిల్లను ఆయన తన చేత్తోనే ఇంకో క్లాసుకి పంపేశారు. అంత ప్రేమ ఆయనకి నా మీద ఉందని నాకు ముందు తెలియదు.

గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో ఆర్ట్స్ గ్రూపులో చేరాను. అక్కడి నుంచి బి.ఏ., ట్రైనింగు, మాచర్లలో తెలుగు టీచరు ఉద్యోగం. గొప్ప జీవితం కాదు గానీ, పొద్దున లేచి బడికి వెళ్ళడానికి నా కాళ్ళు ఎప్పుడూ బరువెక్కలేదు. నాన్న కొన్నాళ్ళకి ఊళ్ళో మాట మార్చేశాడు. "మా అమ్మాయి మాటల డాక్టరు" అని చెప్పుకునేవాడట. నేను ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకి మాస్టారి క్లాసు నుంచే ఒక అమ్మాయి సైన్సు గ్రూపుకి వెళ్ళింది. ఆ కబురు చెప్పడానికి ఆయన మాచర్ల దాకా వచ్చి, మార్కులు కూడా అంకెలతో సహా చెప్పి, మిరపకాయ బజ్జీలు తిని వెళ్ళారు.

నేను వెళ్ళాక నల్లబల్ల మీద ముక్క రాయడానికి ఎవరూ దొరకలేదు. ఖాళీగా ఉంటే జనం ఊరుకోరు గనక ఆయనే రాయడం మొదలుపెట్టారు. రోజూ ఒకే ముక్క: "ఎండ ఎక్కువగా ఉన్నది. జాగ్రత్త." ఎండ లేని రోజుల్లో మొదటి మాట తీసేసి ఒట్టి "జాగ్రత్త" రాసేవారు. ఊళ్ళోవాళ్ళు ఏడిపించేవాళ్ళు. సెలవులకి వచ్చినప్పుడు నేనూ ఏడిపించాను. "కొలిచి చూశానే. ఇంతకంటే నా కాడ లేదు" అనేవారు. రిటైరయ్యాక కూడా మధ్యాహ్నం గొడుగేసుకుని వచ్చి అంకె, దాని కింద ఆ మాట రాసి వెళ్ళేవారు.

నేను బస్సు దిగేసరికి మగవాళ్ళు పాడె ఎత్తుకుని వాగు వైపు బయల్దేరుతున్నారు. పిన్నిగారి చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చున్నాను. తర్వాత బడి వైపు నడిచాను. వసారాలో నల్లబల్ల మీద నిన్నటి అంకె ఉంది, ఆయన దస్తూరిలో, ఇరవై తొమ్మిది. దాని కింద: "జాగ్రత్త."

కర్ర పెద్దాయన ఇప్పుడు బాగా ముసలాయన. వాగు దాకా నడవలేక వసారాలోనే కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, ఇవాళ నువ్వొక ముక్క రాయవే అన్నారు. గూట్లోంచి సుద్ద తీసుకుని బల్ల ముందు నిలబడ్డాను. నా బతుకంతా ఆ పని మీదే. ఆయన గురించి ఏం రాద్దామన్నా, అక్కడున్న మాట తుడిచి దాని చోట పెట్టదగ్గది నాకు దొరకలేదు. అప్పుడు వచ్చింది ఏడుపు.

సుద్ద తిరిగి గూట్లో పెట్టేశాను. కాసేపటికి వాగు నుంచి మగవాళ్ళు తడిబట్టలతో, తుంపరలో తిరిగి వస్తున్నారు. ఒక్కొక్కరే వసారా ముందు ఆగి, అలవాటుగా అంకె చూసి, దాని కింద మాట చదువుకుని, ఇళ్ళకి వెళ్ళారు.