రాధారాణి కొలువుకి వెళ్లొచ్చిన గుర్రం

వసుమతి జన్మలో గుర్రం ఎక్కలేదు. చిన్నప్పుడు బందరులో జట్కా ఎక్కింది, అదీ వెనక కూర్చుని. అలాంటి మనిషికి 1985 నాటికి నూటపదకొండు గుర్రాలున్నాయి. అన్నీ ప్లాస్టిక్‌వి, జానెడుకి కాస్త పైన ఎత్తు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో వాళ్లింటి బేస్‌మెంట్‌లో, వాషింగ్ మెషీన్‌కి ఎదురుగా ఉన్న గోడ నిండా అరల్లో వరసగా నిలబడి ఉండేవి. ఇంటికొచ్చిన పెద్దమనుషులకి ఆమె భర్త హరనాథ్ వాటిని చూపించి, "మా వసు ఆడుకుంటూంటుంది" అని నవ్వేవాడు. వాళ్లూ నవ్వేవాళ్లు. సెలవొస్తే చాలు, ఆ పెద్దమనుషులే గోల్ఫ్ అంటూ ఓ తెల్లబంతి వెనక ఎండలో నాలుగు మైళ్లు నడిచేవాళ్లు. అది మాత్రం ఆట కాదు కాబోలు. వసుమతి కాఫీ కప్పులు తీసుకుని పైకి వెళ్లిపోయేది.

ఆమె డెట్రాయిట్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేది. గాజుపలకల మీద రంగులు వేసి, మైక్రోస్కోప్‌లో చూసి, కనిపించింది కనిపించినట్టు రాయడం ఉద్యోగం. పదిహేనేళ్లు మెడ వంచి చూసీ చూసీ, మెడ తిప్పాలంటే భుజాలతో సహా తిరగాల్సిన స్థితికి వచ్చింది. ఇంటికొస్తే వంట. శనివారం వస్తే ఎవరింట్లోనో పార్టీ, ఆ పార్టీకి అరవైమందికి పులిహోర. "వసుమతి గారి పులిహోరే ఉండాలండీ" అని ఎవరో మొదలుపెట్టారు, అది ఆమె మెడకి చుట్టుకుంది. కాదనడం ఆమెకి చేతకాదు. చేతనైనవాళ్లని చూస్తే అసూయ కూడా.

గుర్రాల పిచ్చి డెబ్బయ్యెనిమిది జనవరిలో పట్టుకుంది. ఆ మంచు తుఫానులో రోడ్లు మూసేసి, మూడు రోజులు ఆసుపత్రిలోనే ఉండిపోవాల్సి వచ్చింది. రెండో రోజు కాళ్లు సాగదీద్దామని కిందికి దిగి, గిఫ్ట్ షాపు అద్దంలో ఒక గోధుమరంగు గుర్రాన్ని చూసింది. ముందుకాలు ఎత్తి, తల పక్కకి తిప్పి, ఎవరి పిలుపూ పట్టించుకోకుండా నిలబడి ఉంది. కొనేసింది. ఎవరి పిల్లలకని షాపమ్మాయి అడిగితే "నాకే" అంది. ఆ మాట అన్నందుకు వారం రోజులు సంతోషంగా ఉందట.

అమెరికాలో ఇదొక పెద్ద లోకమని తర్వాత తెలిసింది. బొమ్మగుర్రాలకి పోటీలుంటాయి. మొదట్లో అంతా టపాలోనే నడిచేది. గుర్రానికి ఫోటో తీసి, వెనక దాని పేరూ జాతీ రాసి జడ్జికి పంపితే, నెల తర్వాత ఫోటోలూ ఫలితాలూ తిరిగొచ్చేవి. ఫోటోలో గుర్రం నిజంగా నేలమీద నిలబడినట్టు ఉండాలి. వసుమతి ట్రేలో బొంబాయి రవ్వ పోసి ఇసుక చేసేది, బియ్యప్పిండి జల్లి మంచు కురిపించేది. "ఉప్మాకి రవ్వ లేదా?" అని హరనాథ్ అడిగితే, గుర్రం కాళ్ల కిందనుంచి ఎత్తిన రవ్వే జల్లించి వేయించిన రోజులున్నాయి. ఆయనకి ఆ సంగతి ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత మనుషులు హాల్లో కలిసే షోలకి వెళ్లడం మొదలుపెట్టింది. పొడుగాటి బల్లల మీద ఒక్కో విభాగం గుర్రాలన్నీ వరసగా పెడతారు. జడ్జి పెన్ను టార్చి పట్టుకుని ఒక్కొక్కదాన్నీ పరీక్షిస్తుంది. అన్నిటికన్నా గట్టి పోటీ ఫ్యాక్టరీ రంగు విభాగంలో. అక్కడ గుర్రం ఫ్యాక్టరీలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. గీత పడితే దిద్దకూడదు, రంగు పోతే వేయకూడదు. దిద్దినవాటికి వేరే విభాగం ఉంది. "దీనిమీద నేనేమీ చేయలేదు" అని పక్కన కార్డు మీద సంతకం పెట్టాలి. అంత పెద్ద హాల్లో ఆ సంతకం నిజమా కాదా అని అడిగేవాళ్లుండరు.

ఫ్యాక్టరీ రంగు విభాగంలో ఆరేళ్లుగా ఏడాది ట్రోఫీ డోనాదే. ఆమె స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆరేళ్లుగా వసుమతిది రెండో స్థానం. ఇద్దరి బల్లలూ పక్కపక్కనే. డోనా తెచ్చిన ఆపిల్ కేకు వసుమతీ, వసుమతి తెచ్చిన జంతికలు డోనా తినేవారు. గుర్రాల సంగతి తప్ప ఇంకేమీ మాట్లాడుకునేవారు కాదు. డోనా అంటే ఇష్టమే కానీ, మొదటి స్థానపు నీలం రిబ్బను ఆమెకిచ్చి ఎర్రది తన చేతిలో పెట్టినప్పుడల్లా వసుమతికి లోపల చివుక్కుమనేది.

ఎనభై అయిదులో కథ మారేలా కనిపించింది. ఆన్ ఆర్బర్‌లో ఒక బొమ్మల దుకాణంలో ఇరవై తెల్లగుర్రాలు వరసగా ఉంటే, గంటన్నర నిలబడి ఇరవయ్యీ తిప్పితిప్పి చూసింది. పందొమ్మిదింటికి ఎక్కడో అక్కడ అతుకు గీతో, కంటి రంగు చెదరడమో ఉంది. ఇరవయ్యోదానికి ఏమీ లేదు. దానికి వెన్నెల అని పేరు పెట్టింది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వెన్నెల మార్కుల్లో డోనా గుర్రంతో సమానంగా వచ్చింది. అక్టోబరులో ఆఖరి షోలో మొదటి స్థానం వస్తే ఏడాది ట్రోఫీ వసుమతిదే. అది గెలిచి మానేద్దామని నిర్ణయించుకుంది. మెడ సహకరించడం లేదు, ఓపికా లేదు. గెలిచి మానేయడం వేరు, ఓడి మానేయడం వేరు. ఈ మాట ఇంట్లో చెప్పలేదు. చెప్తే "మానేస్తే మంచిదే" అంటారని తెలుసు.

షోకి ముందు వారమే దసరా. వాళ్ల స్నేహితురాలు రాధారాణి ఏటా తన బేస్‌మెంట్‌లో బొమ్మల కొలువు పెట్టేది. ఆ ఏడు లవకుశుల కొలువు. లవుడు, కుశుడు, వాల్మీకి, సీతమ్మ అందరూ కుదిరారు కానీ, యాగాశ్వం లేదు. ఫోన్ చేసింది.

"వసుమతి గారూ, మీ దగ్గర ఆ వైట్ హార్స్ ఉంది కదా, జస్ట్ వీకెండ్‌కి ఇవ్వండి. పిల్లలెవ్వర్నీ టచ్ చెయ్యనివ్వను, నాదీ పూచీ."

వసుమతి నోట్లోంచి "సరేనండీ" అని వచ్చేసింది. ఆమె నోరు అలవాటు పడిన మాట అది. ఫోన్ పెట్టేశాక తనని తాను తిట్టుకుంటూ పులిహోరకి చింతపండు నానబెట్టింది.

రాధారాణి మాట తప్పే మనిషి కాదు. కొలువు ముందు తాడు కట్టింది. చెయ్యి చాపిన పిల్లల్ని కసిరింది. ఎవర్నీ గుర్రం దరిదాపులకి రానివ్వలేదు. సోమవారం సాయంత్రం స్వయంగా తువ్వాల్లో చుట్టి తెచ్చిచ్చింది. తువ్వాలు విప్పితే వెన్నెల నుదుటి మీద ఎర్రగా, గుండ్రంగా కుంకుమ బొట్టు. కొబ్బరినూనెలో తడిపి, చక్కగా దిద్దిన బొట్టు.

"యాగాశ్వం కదండీ, బొట్టు లేకుండా ఎలా పెడతాం?" అంది రాధారాణి.

"ఎవర్నీ ముట్టుకోనివ్వనన్నారు కదండీ."

"ఎవరూ ముట్టుకోలేదు. బొట్టు పెట్టడం ముట్టుకోవడం ఎలా అవుతుంది?"

ఆ మాటలో కల్మషం లేదు. అందుకే వసుమతికి కోపం తెచ్చుకోవడానికి కూడా చోటు దొరకలేదు. కాఫీ ఇచ్చి పంపింది.

సబ్బునీళ్లతో తుడిచింది. ఎరుపు పోయింది. గులాబీరంగు మచ్చ మిగిలింది, కందిపప్పు బద్దంత. రంగులు ఎక్కించడమే వృత్తిగా బతికిన మనిషికి ఏది పోతుందో, ఏది పోదో చూడగానే తెలుస్తుంది. ఇంకా రుద్దితే ఆ చోట మెరుపు వస్తుంది, టార్చి వెలుగులో ఇట్టే పట్టేస్తారు. స్పిరిట్‌ని ఒక పాత గుర్రం పొట్టమీద పరీక్షిస్తే రంగే ఊడొచ్చింది. మూడు రోజులు ల్యాబ్ నుంచి రాగానే బేస్‌మెంట్‌లోకి దిగి ఆ మచ్చ కేసి చూస్తూ కూర్చునేది. హరనాథ్ ఒకసారి మెట్లమీంచి తొంగిచూసి, "నువ్వు చెప్తే తప్ప కనపడట్లేదు వసూ, జస్ట్ లీవ్ ఇట్" అన్నాడు. కార్ల కంపెనీ ఇంజనీరుగా ఆయనకి కారు బ్రేకుల్లో వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. ఇక్కడ కనపడదు.

శుక్రవారం మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చి, నాలుగు వెంట్రుకల కుంచెతో, మెరుపులేని తెల్లరంగు ఆవగింజలో సగమంత తీసుకుని, మచ్చమీద అద్దింది. ఆరాక లెన్సు పెట్టి చూసుకుంటే తనకే చోటు దొరకలేదు. తన పనితనానికి ఒక్క నిమిషం గర్వపడింది, ఆ వెంటనే గుర్రాన్ని గోడ వైపు తిప్పి పెట్టింది.

శనివారం లాన్సింగ్ దగ్గర ఫెయిర్‌గ్రౌండ్స్ హాలుకి గంటన్నర డ్రైవ్ చేసుకుని వెళ్లింది. వెన్నెలని బల్ల మీద నిలబెట్టింది. కార్డు మీద సంతకం పెట్టింది. మోసం చేయాలనుకోలేదు. బొట్టు తను పెట్టింది కాదు కదా, పెట్టకముందు ఎలా ఉందో అలాగే చేశాను కదా అని దారి పొడుగునా చెప్పుకుంటూనే వచ్చింది. ఆ వాదన కారు దిగేదాకా నిలబడింది. సంతకం పెట్టేటప్పుడు మాత్రం లేదు.

జడ్జి నెరిసిన జుట్టు ముసలావిడ. పెన్ను టార్చి వెన్నెల డెక్కల దగ్గర్నుంచి పైకి పాకింది. మెడ, చెవులు, నుదురు. నుదుటి మీద ఆగలేదు. నీలం రిబ్బను తెచ్చి వెన్నెల ముందు పెట్టింది. ఎర్రది డోనాకి. పక్కనుంచి డోనా వసుమతిని గట్టిగా కౌగిలించుకుంది. జడ్జి మైకులో ట్రోఫీ ప్రకటిస్తూ, ఈ హాల్లో తను కార్డు మీద సంతకం నమ్మి గుర్రాన్ని పరీక్షించనక్కర్లేని పోటీదారులు ఇద్దరే ఉన్నారని, ఇద్దరూ ఒకే వరసలో నిలబడి ఉన్నారని అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆరేళ్లు ఎదురుచూసిన చప్పట్లు అవి. వసుమతి రిబ్బను ముట్టుకోకుండా కుర్చీలో కూర్చుంది. ఇంటికెళ్లి ఈ ట్రోఫీని అరలో పెట్టాలి, రోజూ బట్టలు ఉతికేటప్పుడు దాన్ని చూడాలి. పదిహేనేళ్లలో తను ఒక్క గాజుపలక మీద కూడా లేనిది ఉందని రాయలేదు, ఉన్నది లేదని రాయలేదు. మనిషి అలసిపోవచ్చు. అలసిపోయి గడ్డి తినడమేమిటి? తనమీద తనకే అసహ్యం వేసింది. భోజనాల వేళ జడ్జి బల్ల దగ్గరికి వెళ్లి, నుదుటి మీద రంగు వేశానని చెప్పేసింది. బొట్టు సంగతి, కొలువు సంగతి చెప్పలేదు. అవి చెప్తే సాకులవుతాయి.

ముసలావిడ మళ్లీ టార్చి తెచ్చి చాలాసేపు వెతికింది. చూపిస్తే గానీ కనపడలేదు. "చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అంటూ కార్డు మడిచి జేబులో పెట్టుకుంది. నియమం నియమమే. మైకులో వెన్నెలని విభాగంలోంచి తీసేశామని, ట్రోఫీ డోనాదని ప్రకటించారు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జనం వసుమతి బల్ల దగ్గర నడక నెమ్మది చేసి, చూసీ చూడనట్టు వెళ్లిపోతున్నారు.

ఆమె గుర్రాలని తువ్వాళ్లలో చుట్టి పెట్టెలో సర్దుతోంది. డోనా వచ్చి ఎదురుగా నిలబడింది. మొహంలో గెలిచిన కళ లేదు. ఇంచుమించు కోపంగా ఉంది.

"ఎందుకు చెప్పావు?" అని అడిగింది.

"నువ్వు గెలవాల్సింది, డోనా. నన్ను క్షమించు."

"నాకు పొద్దున్నే తెలుసు. ఏడాదంతా ఆ గుర్రం మొహమే చూస్తూ గడిపాను. ముక్కు కన్నా నుదురు ఒక వాసి తెల్లగా ఉంది. నువ్వు సంతకం పెడుతుంటే పక్కనే ఉన్నాను."

వసుమతి చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. మరి జడ్జికి ఎందుకు చెప్పలేదని అడిగింది.

డోనా చుట్టూ చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "వచ్చే ఏడు నువ్వు రావు. నాకు తెలుసు. ఈ ఏడాదంతా కుర్చీలోంచి లేచేటప్పుడు బల్ల పట్టుకుని లేస్తున్నావు. చాలా అలసిపోయావు, వసూ. వెళ్లేలోపు ఒక్కసారైనా ఆ ట్రోఫీ నీకు రావాలనుకున్నాను" అంది.

దాచాననుకున్న రంగూ దాగలేదు, ఏళ్ల తరబడి దాచుకున్న అలసటా దాగలేదు. ఇంట్లో, ల్యాబ్‌లో, అరవైమంది పులిహోర తిన్న ఇళ్లల్లో ఎవరూ వసుమతిని చూసి ఆ ఒక్క మాట అనలేదు. ఆమె పెట్టెమీద చేతులాన్చి, నిలబడినచోటే ఏడ్చింది. డోనా బల్ల చుట్టూ తిరిగి వచ్చి, తన కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టింది.