గిర్ని యాదమ్మత్త కట్టిన పీలిక

మిరపకాయల కాలం వచ్చిందంటే నాకు పని సాగదు. వనపర్తిలో నేను కూర్చుని పనిచేసే గది కింద పిండీ కారం పట్టే గిర్ని ఒకటి ఉంది. పొద్దున పది గంటలకు కారం పట్టడం మొదలుపెడతారు. కాసేపటికే ఆ ఘాటు మెట్లెక్కి పైకి వస్తుంది. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే కారం. నిన్న కూడా అంతే. ఒక ప్రోగ్రాం రాస్తూ రాస్తూ ఒక లైను దగ్గర ఆగి, వరుసగా ఏడుసార్లు తుమ్మాను. తుమ్ముల మధ్యలో గిర్ని బెల్టు చప్పుడు చెవిన పడింది. ఇక కుర్చీలో ఉండలేకపోయాను. లేచి ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగాను. ఆ చప్పుడు వింటే యాదమ్మత్త గుర్తొస్తుంది. ఆమె గుర్తొస్తే ఒక ఉదయం గుర్తొస్తుంది. ఆ తర్వాత అప్పటిదాకా రాసిందంతా మళ్లీ మొదటి నుంచి చూసుకుంటే గానీ నాకు ఊపిరాడదు.

యాదమ్మత్త మాకు చుట్టం కాదు. ఆత్మకూరులో మా ఇంటికి రెండిళ్ల అవతల ఆమె గిర్ని ఉండేది. మొగుడూ పెళ్లాలిద్దరూ బొంబాయిలో ఏళ్లకేళ్లు ఇటుకలూ ఇసుకా మోసి, తిరిగొచ్చి ఆ మిషన్ పెట్టుకున్నారు. ఆయన తొందరగానే పోయాడు. తర్వాత ఆమె ఒక్కతే నడిపింది. కనుబొమ్మల మీద ఎప్పుడూ పిండి ఉండేది కాబట్టి ఆమెకు అసలు వయసెంతో చిన్నప్పుడు నాకు తెలిసేది కాదు. గొంతు మాత్రం మిషన్ చప్పుడును దాటి వీధి చివరిదాకా వినపడేది. మా అమ్మ జొన్నల డబ్బా ఇచ్చి పంపితే నేను గిర్ని ముందు నిలబడి కాళ్లు మార్చుకుంటూ, ప్రతి రెండు నిమిషాలకూ "మాదైందా అత్తా?" అని అడిగేదాన్ని. పుట్టుకతోనే నాకు ఓపిక తక్కువ.

"ఏందే నీ పరేషాన్? నువ్వు నిలవడితే మిషన్ జోర్‌గ తిరుగుతదా? డబ్బ పెట్టి పో. నీ పనులు చేస్కో. అయినంక నేనే పిలుస్త" అనేది.

ఊరంతా అలాగే చేసేవాళ్లు. డబ్బాలు బెంచీ మీద వరుసగా పెట్టి, ఒకరు పాలకు, ఒకరు బావి దగ్గరికి, ఒకరు బస్సు చూసుకోవడానికి వెళ్లిపోయేవాళ్లు. ప్రతి డబ్బా చెవికీ ఆ ఇంటి పాత చీర చింపిన పీలిక ఒకటి కట్టి ఉండేది. మాది పసుపుపచ్చది. గింజలు పైన పోసేటప్పుడు యాదమ్మత్త ఆ పీలిక విప్పి, కింద పిండి రాలే గుడ్డ గొట్టానికి కట్టేది. పిండి పూర్తిగా రాలాక మళ్లీ విప్పి డబ్బాకు కట్టేది. గింజ ఎక్కడుంటే పీలిక అక్కడుండాలి. ఆ తర్వాతే "పసుపు పీలికోళ్లూ!" అని కేక. ఒకసారి నవ్వాను నేను. "ఊరోళ్లందరూ తెలుసు గదా అత్తా, ఎవరిదేదో గుర్తుండదా? ఈ పీలికలెందుకు?" అన్నాను. ఆమె నవ్వలేదు. "నా తలకాయల పెట్టుకుంటే కలిసిపోతయి బిడ్డా. గుర్తు డబ్బతోనే తిరగాలె" అంది. నేనప్పటికే వినడం మానేసి మా డబ్బా ఎత్తుకున్నాను.

చదువైపోయాక హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేరి, ఏడాది తిరక్కుండానే వెనక్కి వచ్చేశాను. అక్కడ నాకు కొరుకుడు పడనిది ఒకటే. దాన్ని అసింక్రనస్ అంటారు. అంటే ప్రోగ్రాం డేటాబేస్‌ను ఒక మాట అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడకుండా వేరే పని చూసుకోవడం. అడగడం ఒకచోట, జవాబు అందుకోవడం ఇంకోచోట. నా బుర్ర పై నుంచి కిందికి వరుసగా చదివే బుర్ర. చెప్పిచెప్పి వాళ్లు విసిగిపోయారు, నేను అవమానపడి వచ్చేశాను. ఇంటి దగ్గర ఊరికే కూర్చోలేక, వనపర్తిలో ఒక ప్రైవేటు దవాఖాన ల్యాబుకు రిపోర్టులు అచ్చువేసే ప్రోగ్రాం రాసిస్తానని ఒప్పుకున్నాను. అది సరిగ్గా నడిస్తే నేను పనికొచ్చే మనిషిని. నడవకపోతే ఈ పనికి దండం పెట్టేయాలి. అలా అనుకున్నాను.

అది నడవలేదు. సమాచారమంతా హైదరాబాద్‌లో అద్దెకు తీసుకున్న కంప్యూటర్లో ఉండేది. ఇక్కడి నుంచి అడిగితే జవాబు రావడానికి కొన్ని సెకన్లు పట్టేది. నా ప్రోగ్రాం ఒకరి గురించి అడిగి, జవాబు వచ్చేదాకా నోరెళ్లబెట్టుకుని నిలబడేది. వెనక ఎందరున్నా దానికి పట్టదు. బిజినేపల్లి నుంచీ గద్వాల దారిలోని ఊళ్ల నుంచీ బస్సులెక్కి వచ్చిన జనం కౌంటర్ ముందు కిక్కిరిసిపోయారు. ల్యాబులో మనిషి నా ముఖం మీదే "గీ మిషన్ కంటె నా చేతిరాత నయం మేడం" అన్నాడు.

ఆ ఆదివారం ఆత్మకూరు వెళ్లి, గిర్ని బెంచీ మీద కూలబడి నా గోడు వెళ్లబోసుకున్నాను. యాదమ్మత్తకు డేటాబేసంటే ఏం తెలుసు? అయినా ఒక చెవి నా మీదా, ఒక చెవి మిషన్ మీదా పెట్టి విన్నది. చివరికి "ఐతే మీ మిషన్ నీ లెక్కనే ఉన్నది. డబ్బ పెట్టి పోక, ఆడ్నే నిలవడ్డది" అంది. నేను దిగ్గున లేచాను. అంతేనా? హైదరాబాద్‌లో ఏడాదిపాటు ఎక్కనిది గిర్ని ముందు ఒక్క మాటతో ఎక్కింది. అడుగు, వదిలేయ్, తర్వాతివాళ్లను అందుకో, పిలుపు వస్తే వెళ్లు. "జర ఆగు, ఇంక చెప్త" అని ఆమె వెనక నుంచి అంటూనే ఉంది. నేను ఆగలేదు, బస్సుకు పరుగెత్తాను.

రెండు రోజుల్లో మొత్తం తిరగరాశాను. నేనొక్కదాన్నే కూర్చుని, ఒక్కో పేరు కొట్టి చూసుకున్నాను. గబగబా నడిచింది. మర్నాడు పొద్దున్నే ల్యాబులో పెట్టేశాను. గర్వంతో నేల మీద నిలవలేక యాదమ్మత్తకు ఫోన్ చేసి, "నీ షుగర్ పరీక్ష ఈసారి ఇక్కడే చేయించుకో అత్తా, నా ప్రోగ్రాం చూద్దువు గానీ" అని పిలిపించాను. ఆమె మొదటి బస్సుకే వచ్చింది. లైన్లో నిలబడి రక్తమిచ్చి, కాసేపటికి రిపోర్టు తీసుకుని నా దగ్గరికి వచ్చింది. అక్షరాలు రావు గానీ అంకెలు చదువుతుంది.

"స్వరూపా, గిది నాది కాదు."

"నీ పేరే ఉంది గదత్తా. షుగర్ మామూలుగానే ఉంది, మంచిదే గదా!"

"పదేండ్ల సంది రోగమున్నదాన్ని. నాకు గింత మంచి షుగర్ యాడికెల్లొస్తది? నాకు సంబురమెందుకే? నాది ఎవరికి పోయిందో అది చూడు."

ప్రోగ్రాం తెరిచి చూశాను. పేరును అందరికీ కలిపి ఒకే చోట పెట్టాను. ఒకరి జవాబు వచ్చేలోపల వెనకవాళ్ల పేరు వచ్చి దాని మీద కూర్చుంటోంది. ముందున్నవాళ్ల అంకెలు వెనకవాళ్ల పేరుతో అచ్చవుతున్నాయి. నేనొక్కదాన్నే పరీక్షించినప్పుడు ఇద్దరు ఒకేసారి రాలేదు కాబట్టి తెలియలేదు. ల్యాబులో కేకపెట్టి అచ్చు ఆపించాను. రిపోర్టులు అందుకున్నవాళ్లంతా ఇంకా డాక్టరు గది ముందు బెంచీల మీదే ఉన్నారు, ఒక్కరు తప్ప. యాదమ్మత్త వెనక నిలబడ్డ మనిషి. "పెద్దమందడి మణెమ్మ" అంది యాదమ్మత్త. లైన్లో నిలబడే ఊరూ పేరూ అడిగి పెట్టుకుంది. మణెమ్మ నీరసమని వచ్చింది, షుగర్ లేదు. మా అత్త అంకెలు చూసి డాక్టరు ఆమెను అందరికంటే ముందు లోపలికి పిలిచి, గట్టి గోలీలు రాసిచ్చి పంపేశాడు. ఒంట్లో లేని జబ్బుకు ఆ గోలీ పడితే మనిషి పడిపోతుంది. ఆమె ఇచ్చిన నంబరుకు చేస్తే స్విచాఫ్.

ఆటోలో పెద్దమందడి దాకా నేను కూర్చోలేదు, నిలబడలేదు. ఫోన్ చేస్తూ, పెట్టేస్తూ, డ్రైవర్‌ను తొందరపెడుతూ, ఏడుస్తూ ఉన్నాను. యాదమ్మత్త ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. దారిలో ఒక దుకాణం ముందు ఆటో ఆపించి బెల్లం ముక్క కొంగున కట్టుకుంది. ఆ ఒక్క నిమిషానికి కూడా నేను కేకలేశాను.

మణెమ్మ ఇంటి గడపలో కూర్చుని ఉంది. రవిక తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. గోలీ వేసుకుని ఇంకా తినలేదు. "కండ్లు తిరుగుతున్నయి, గోలి పనిచేస్తున్నట్టున్నది" అంది. యాదమ్మత్త బెల్లం ఆమె నోట్లో పెట్టింది, చక్కెర నీళ్లు కలిపి తాగించింది. అదే ఆటోలో దవాఖానకు తీసుకొచ్చాం. సాయంత్రానికి మనిషి తేరుకుంది. నేను గోడకు ఆనుకుని, డాక్టరు ఏదో ఒకటి చెప్తాడులే అని చూస్తున్నాను. యాదమ్మత్త నా రెక్క పట్టుకుని మంచం ముందు నిలబెట్టింది.

"చెప్పు. ఎవరి తప్పో నీ నోటితోనే చెప్పు."

చెప్పాను. "ఆ కాయితం మీ పేరుతో తప్పుగా వచ్చింది. తప్పు వేరెవరిదీ కాదు, నాది" అన్నాను. మణెమ్మ నా వైపు తిరిగి, "నన్ను సంపుతుంటివి గద బిడ్డా" అంది. కోపంగా కూడా అనలేదు. ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

ఈ పని మానేస్తానని ఆ వారం గిర్నిలో ఏడ్చాను. యాదమ్మత్త మిషన్ ఆపింది. జనం ఉండగా ఆమె మిషన్ ఆపడం నేనెప్పుడూ చూడలేదు. "ఇడ్సిపెడ్తె చేసింది పోతదా? నేను సుత చేసిన. కారం పట్టినంక వచ్చే మొదటి పిండి పక్కకు పెడ్త గద, దాన్ని యాది మరిచి ఒక చంటిపిల్ల రాగిపిండి డబ్బల పోసిన. ఎవరిదేదో నాకు గుర్తుంటదని మిడిసిపడ్డ. ఆ పిల్ల ఏడ్పు ఇంక నా చెవులల్ల ఉన్నది. గందుకే పీలిక. గా దినం నీకు చెప్తమనుకున్నది గదే, నువ్వు బస్సుకు ఉరికితివి" అంది. సగం మాట విని పరుగెత్తినందుకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. ఇంటికి వచ్చి మళ్లీ రాశాను. ఈసారి ప్రతి మనిషి పేరూ ఆ మనిషి ప్రశ్నతోనే వెళ్లి, జవాబుతోనే తిరిగి వస్తుంది. ఒకేసారి యాభై పేర్లు పంపి, చేతిరాత పుస్తకంతో ఒక్కొక్కటీ సరిచూశాకే ల్యాబువాళ్లు పెట్టనిచ్చారు.

యాదమ్మత్త పోయి రెండేళ్లయింది. ఆత్మకూరులో గిర్ని మూతపడింది. నాకు ఓపిక ఆమె ఉన్నప్పుడూ రాలేదు, ఇప్పుడూ లేదు. బస్సు ఆలస్యమైతే తిడతాను, అన్నం ఉడికేలోపు మూడుసార్లు మూత తీస్తాను. ఒక్కదానికి మాత్రం ఆగుతాను. ఆ రోజు నుంచి మణెమ్మ ఎక్కడ పరీక్ష చేయించుకున్నా, కూతురి దగ్గరికి నాగర్‌కర్నూల్ వెళ్లి అక్కడ వేరే ల్యాబులో చేయించుకున్నా సరే, ఆ కాగితం ఫోటో నాకు పంపించి ఫోన్ చేస్తుంది. నిన్న కారం ఘాటులో తుమ్ముతూ ఉండగా వచ్చింది ఆ ఫోన్. ఎప్పటి మాటే.

"గిది నాదేనా బిడ్డా?"

నాకు తెలిసిన ల్యాబు కాదు, నేను రాసిన ప్రోగ్రాం కాదు. నీదేలే పెద్దమ్మా అని ఒక్క మాట అనేసి పెట్టేయొచ్చు. "ఫోన్ పెట్టెయ్ పెద్దమ్మా, నీ పని చూస్కో. కనుక్కుని నేనే పిలుస్త" అన్నాను. ఆ ల్యాబుకు ఫోన్ చేసి, పేరూ ఊరూ వయసూ సీసా మీది నంబరూ అడిగి, అన్నీ ఆమెవేనని తేలాకే ఆమెను పిలిచాను.