ఖంగుమన్న డిస్కు

నేను గోదావరిఖనిలో బొగ్గు గని కార్మికుణ్ణి. మా బావ తన స్పోర్ట్స్ కారును రేసు ట్రాక్ మీద నడుపుతాడు. మొన్న వేసవిలో ట్రాక్‌కు బయలుదేరే ముందు మా క్వార్టర్ దగ్గర బ్రేకులు చూసుకుందామని చక్రాలు విప్పాడు. అందానికని కొన్న చిల్లుల బ్రేకు డిస్కులు. గనిలో పైకప్పును తట్టి చూసే అలవాటుతో ఒకదాన్ని రెంచీతో తట్టాను. ఖంగుమంది. అంటే గట్టిదని లెక్క.

"మంచిగనే ఉన్నది, జల్ది బిగిద్దాం" అన్నాడు బావ.

నాకు చెయ్యాడలేదు. నాకు పని నేర్పిన రాజన్న కాక మీద కూలిన పైకప్పు కూడా, అంతకుముందు తడితే ఖంగుమనే మోగింది.

"ఆగు బావా, తుడిచి చూస్త."

ఎండలో తిప్పి చూస్తే, చిల్లు నుంచి అంచుదాకా వెంట్రుకంత పగులు.

బావ చిల్లుల్లేని డిస్కులు వేయించుకునే వెళ్లాడు.

డ్యూటీలో పైకప్పు డొల్లగా మోగితే పక్కకు తప్పుకుంటాను. ఖంగుమంటే మాత్రం దాని కిందే నిలబడి పని చెయ్యాలి.